నడవలేని బిడ్డలు – నడిపించు సాధనములు

కోహీరు అనగానే మనవారికి జామపండు జ్ఞప్తికి వచ్చును. జహీరాబాదు సమీపమున, వికారాబాదునుండి పర్లీకి పోవు రైలుమార్గముమీద ఉన్న ఆ ఊరు ఎర్రనేలకును, ఆ నేలలో పండు జామకును పేరుపొందినది. అయితే నేటి ప్రసంగము జామతోటలను గూర్చినది కాదు. ఆ ఎర్రనేలమీద నడవలేని బిడ్డ యొకతె ఇంటి గుమ్మము దాటి వీధిలోనికి, వీధినుండి బడికి ఎట్లు పోగలదు? అందుకు ఆమెకు తోడ్పడు వస్తువులేవి? వానిని ఎంచుకొనుటలో పెద్దలమైన మనము చేయు పొరపాటులేవి? ఈ విషయములను శ్రోతలతో ముచ్చటింపవలెనని మా సంకల్పము.

బిడ్డ యని చెప్పితిమి. ఆమె మేము ఊహించుకొన్న బిడ్డ. కనుక పేరు పెట్టలేదు. ఎనిమిదేండ్ల వయస్సు. కాన్పు సమయమున మెదడునకు ప్రాణవాయువు చాలక కలిగిన లోపముచేత కాళ్ల కండరములు బిగిసికొని ఉండును, నడుము నిలువదు, మాట మెల్లగా వచ్చును. వైద్యులు దీనిని సెరిబ్రల్ పాల్సీ అందురు. మనవారు మస్తిష్క పక్షవాతమని అనువదించిరి. తెలివికి మాత్రము లోటు లేదు. తల్లి జామతోటలో కాయలు కోయుటకు కూలికి పోవును. ఇట్టి బిడ్డ ఏ మండలమున చూచినను కనబడును గాన, ఊహించుటకు మేము పడిన శ్రమ ఏమియు లేదు.

నాలుగేండ్లు వచ్చువరకు ఆమె సంగతి ఎవరికిని పెద్ద చిక్కుగా తోచలేదు. పసిపిల్లలందరు చంకనెక్కియే తిరుగుదురు గదా! ఐదవయేట తల్లి ఆమెను వీపున మోసి బడికి తీసికొనిపోయెను. ఇప్పుడు ఆమె బరువు 20 కిలోలు. తల్లి నడుము నొచ్చుచున్నది. ఉదయము కూలివేళకును బడివేళకును పొత్తు కుదరదు. ఒకనాడు మానినది రెండునాళ్లయినది; రెండునాళ్లు వారమైనది. బడి పేరు కొట్టివేయలేదు, బిడ్డను రావలదని ఎవరును చెప్పలేదు. ఆమె బరువు పెరిగినది, అంతే. నడవలేని పిల్లల చదువు మన పల్లెలలో అనేక పర్యాయములు ఇట్లే ఆగిపోవుచున్నది. ఎవరును తలుపు మూయరు. మోయువారి బలము తీరిపోవును.

చదువొక్కటియే ఐనచో ఇంటివద్దకు పుస్తకము పంపి సరిపెట్టుకొనవచ్చును. కాని కదలికకును మనస్సునకును గల సంబంధము మనము అనుకొన్నదానికంటె లోతైనది. ఈ సంగతిని తెలుపు ప్రయోగమొకటి 1963లో అమెరికా దేశమున జరిగినది. రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనలను చీకటిలో పెంచి, దినమునకు కొన్ని గంటలు మాత్రము వెలుతురులో రంగులరాట్నమువంటి యంత్రమునకు రెండేసి కూనలను కట్టిరి. ఒక కూన తన కాళ్లతో నడచుచు రాట్నమును త్రిప్పును. రెండవది ఎదుటి కొసనున్న బుట్టలో కూర్చుండి, మొదటిది ఎట్లు తిరిగిన అట్లు త్రిప్పబడును. రెండును చూచినది ఒకటియే గోడ, అవే గీతలు. అయినను కొంతకాలము తరువాత పరీక్షించగా, నడచిన కూన అగాధమువలె కనబడు చోట వెనుకకు తగ్గినది. బల్లమీదికి దింపబోగా ముందరికాళ్లు చాచినది. బుట్టలోని కూనకు ఈ రెండును తెలియలేదు. దాని కన్నులకు దోషము లేదు. చూచినదానికిని తాను చేసినదానికిని ముడి పడలేదు. దానిని స్వేచ్ఛగా తిరుగనిచ్చిన పిమ్మట కొలదికాలముననే అదియు నేర్చుకొన్నదని గూడ వారు వ్రాసిరి. ఈ చివరిమాటను మరువరాదు.

పిల్లికూనలకును మనుష్యశిశువులకును పోలికయేమని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దీనికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన జోసెఫ్ కాంపోస్, ఆయన సహచరులును చాల ఏండ్లు పరిశ్రమించి కొంత సమాధానము చెప్పిరి. పసివారికి ఎత్తునుగూర్చిన జంకు వయస్సునుబట్టి దానంతట అది వచ్చునది కాదనియు, ప్రాకుటవలన గాని, చక్రముల నడకబండిలో తిరుగుటవలన గాని, తమంతట తాము కదలిన అనుభవమువలన కలుగుననియు వారు కనుగొనిరి. మన ఇండ్లలో పసివానికి మూడు చక్రముల కొయ్యబండి చేతికిచ్చి నడక నేర్పు పెద్దమ్మలు ఈ శాస్త్రమును చదువలేదు. కాని ఆ బండిని తోసికొనిపోయి, గడప తగిలి ఆగి, వెనుకకు లాగి, మరల ప్రక్కదారి పట్టు పసివాని ముఖమును చూచినవారే.

ఎవరో మోసికొనిపోగా లోకమును చూచుటవేరు. తాను పోయి చూచుట వేరు. చంకలోని బిడ్డ తల్లి చూపిన వైపే చూచును. పిల్లలు గోలీలాడుచోటికి ఆమె పోగోరినచో తల్లికి తీరిక ఉండవలెను. ఆట నచ్చక వెడలిపోగోరినను అంతే. ‘రాను’ అని చెప్పుటకు, అలుగుటకు, దాగికొనుటకు, ఆలస్యముగా ఇంటికి వచ్చి తిట్లు తినుటకు సయితము కాళ్లో చక్రములో ఉండవలెను గదా! ఇట్లు అన్నింటికిని ఒకరిమీద ఆధారపడిన బిడ్డ కొంతకాలమునకు అడుగుటయే మానును. పెద్దలు దానిని నెమ్మదితనమని మెచ్చుకొందురు.

ఇక సాధనముల సంగతి. మన దేశమున ఈ కథ చాలకాలము పోలియో కథగానే నడచినది. పోలియో సోకిన బిడ్డకు సాధారణముగా ఒక కాలో రెండుకాళ్లో చచ్చుబడును గాని, స్పర్శయు తెలివియు చెడవు. అట్టివారికి ఇనుపకడ్డీలు, తోలుపట్టీలు కూర్చిన కాలిపరును, చంకకర్రలును ఇచ్చి నిలబెట్టవచ్చును. ముడుచుకొనిపోయిన కీళ్లను శస్త్రచికిత్సచే సరిచేసిన తరువాతనే అవి అమరును. విశాఖపట్టణమున పోలియో బాధితులకు ఉచిత శస్త్రచికిత్సా శిబిరములు నడపిన డాక్టరు సుంకర వెంకట ఆదినారాయణరావుగారికి 2022లో పద్మశ్రీ లభించిన సంగతి శ్రోతలకు తెలిసినదే. 1995లో పల్స్ పోలియో కార్యక్రమము ఆరంభమైనది. 2011 జనవరి 13న పశ్చిమ వంగములోని హౌరా జిల్లాలో గుర్తింపబడిన బాలికయే మన దేశమున సహజ పోలియో సోకిన కడపటి రోగి. 2014 మార్చి 27న భారతదేశమున పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. మా చిన్ననాటి తరగతిలో కాలిపరు వేసికొన్న తోటివాడు లేని బడి ఉండెడిది కాదు. నేటి పిల్లలు ఆ వస్తువునే ఎరుగరు. ఇంతకంటె సంతోషకరమైన వార్త మా వృత్తిలో మేము అరుదుగా చదివితిమి.

ఆ కాలమునకే చెందిన మరియొక ఘనత జయపూరు పాదము. 1968 ప్రాంతమున జయపూరులో శస్త్రవైద్యులైన డాక్టరు పి. కె. సేఠీగారును, పెద్దచదువు లేని పనివాడైన రామచంద్రశర్మయు కలిసి దీనిని రూపొందించిరి. అంతకు ముందున్న విదేశపు కృత్రిమపాదము బూటులో దూర్చుటకు చేసినది. బూటు విప్పి ఇంట అడుగుపెట్టువారికి, నేలమీద బాసికపట్టు వేసి భుజించువారికి, బురదమడిలో దిగువారికి అది పనికిరాదు. జయపూరు పాదమును రబ్బరుతో, బూటు అక్కరలేకుండ, మడమవద్ద అన్నివైపులకు వంగునట్లు చేసిరి. దానిని ధరించియే సుధాచంద్రన్ మరల నాట్యరంగమున నిలిచెను. ఆమె జీవితమును ఆధారము చేసికొని, ఆమెయే నాయికగా సింగీతము శ్రీనివాసరావుగారు తీసిన ‘మయూరి’ చిత్రమును తెలుగువారు ఎంతగా ఆదరించిరో చెప్పనక్కరలేదు. మాకు ఇందులో నాట్యముకంటె ముఖ్యముగా తోచునది పనివాని బుద్ధి. వస్తువు శరీరమునకు అమరిన చాలదు. మనిషి నివసించు నేలకును, కూర్చుండు తీరునకును అమరవలెను.

పోలియో వెడలినది. కాని నడవలేని పిల్లలు లేకపోలేదు. మేము ఊహించుకొన్న బిడ్డవంటివారు, వెన్నెముక సరిగా మూసికొనక పుట్టినవారు, పెరుగుచున్నకొలది కండరములు క్షీణించువారు ఇప్పుడు ఎక్కువగా కనబడుచున్నారు. వీరికి కావలసినది వేరు. పోలియో బిడ్డకు నడుము నిలుచును. చేతులకు బలము ఉండును. మస్తిష్క పక్షవాతము గల బిడ్డకు తరచు అది కుదరదు. కెనడా దేశపు పరిశోధకులు 1997లో ఈ పిల్లల కదలికను ఐదు అంతరములుగా విభజించిరి. మొదటి అంతరమువారు పరుగెత్తగలరు గాని తొట్రుపడుదురు. రెండవవారు మెట్లెక్కునప్పుడు కమ్మి పట్టుకొందురు. మూడవవారికి చేతికర్రయో వాకరో కావలెను. నాల్గవవారు కొద్దిగా అడుగులు వేయగలిగినను, దూరము పోవలెనన్న చక్రాల కుర్చీయే శరణ్యము. ఐదవవారికి తల నిలుపుటకు సయితము ఆధారము కావలెను. వైద్యుడు బిడ్డ ఏ అంతరమున ఉన్నదో చెప్పగలిగినచో, ఏ సాధనము కోరవలెనో తల్లిదండ్రులకు చాలమట్టుకు తెలిసిపోవును. అందరికిని ఒకే రకపు కుర్చీ ఇచ్చుట, ఊరందరికిని ఒకే కొలత చెప్పులు పంచుటవంటిది.

ఈ మాట అనుటకు మాకు కొంత సిగ్గుగా ఉన్నది. కారణము చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక పట్టణమున – ఏ పట్టణమో అక్కరలేదు – వికలాంగులైన పిల్లలకు చక్రాల కుర్చీలు పంచు సభకు ధ్వనిముద్రణ యంత్రముతో పోయితిమి. ఉపన్యాసములన్నియు ముద్రించితిమి. కరతాళధ్వనులు గూడ స్పష్టముగా వచ్చినవి. కుర్చీలన్నియు పెద్దవారి కొలతవి. వానిలో పిల్లలు ఒకప్రక్కకు ఒరిగి, పాదములు పీటకు అందక గాలిలో వ్రేలాడుచుండ కూర్చుండిరి. మేము చూచితిమి. కాని అది మా కార్యక్రమమునకు విషయముగా తోచలేదు. ఒక్క బిడ్డనైనను మాట్లాడింపలేదు. ఆరుమాసముల తరువాత వేరొక పనిమీద అటు పోయినప్పుడు ఒక ఇంటి పంచలో ఆ కుర్చీ కనబడినది. దానిమీద వడ్లబస్తా ఉండెను. పిల్లవాడు ప్రక్కన చాపమీద ఉండెను. ఇదేమని తల్లిని అడిగితిమి. “దాంట్ల కూసుంటె పిలగాడు జారుతుండయ్యా. బస్తా జారదు” అని ఆమె బదులు చెప్పెను. ఆమె మాటలో నిష్ఠురము లేదు. ఆ సభనుగూర్చి మేము ప్రసారము చేసిన కార్యక్రమమును ఆమె విన్నదో లేదో అడుగుటకు మాకు నోరు రాలేదు.

కాబట్టి కుర్చీ ఎట్లుండవలెనో కొంచెము వివరముగా చెప్పుదము. కూర్చుండు పలక వెడల్పు బిడ్డ తుంటి వెడల్పునకు సరిపోవలెను. వెడల్పెక్కువైన బిడ్డ ఒరుగును, చక్రములు చేతికి అందవు. పలక లోతు, వీపు ఆనించి కూర్చున్నప్పుడు మోకాలి వెనుక రెండువ్రేళ్లు పట్టునంత ఖాళీ మిగులునట్లు ఉండవలెను. ఎక్కువైనచో బిడ్డ ముందుకు జారి వీపు విల్లువలె వంగును. మన పిల్లవాడు జారినది అందువలననే. పాదముల పీట, తొడలు పలకమీద పూర్తిగా ఆనునంత ఎత్తున ఉండవలెను. పీట మరీ ఎత్తైనచో శరీరభారమంతయు పిరుదులమీదనే పడును. నడుము నిలువని బిడ్డకు ప్రక్కలను దిండ్లు, తుంటికి పట్టీ, ఒక్కొక్కప్పుడు తలకు ఆనుడు కావలెను. నిటారుగా కూర్చున్న బిడ్డకు చేతులు ఖాళీయగును, తల నిలుచును, ముద్ద మ్రింగుట సులభమగును, పలక చూచి వ్రాయవచ్చును. సరియైన ఆసనము నడకకంటె ముందు రావలసినది. ఇది చక్రముల సంగతి కాదని కొందరు అనుకొందురు. చక్రములను త్రిప్పు చేతులు, దారిని చూచు తల నిలుచునది ఆసనముమీదనే గదా!

కుర్చీతో పాటు వచ్చు మెత్తను వేరుగా గమనింపవలెను. వెన్నెముక లోపముతో పుట్టిన పిల్లలకు నడుము క్రింద స్పర్శ ఉండకపోవచ్చును. గంటలకొలది ఒకేతీరున కూర్చున్నచో చర్మము రక్తప్రసారము లేక పుండుపడును. బిడ్డకు నొప్పి తెలియదు కనుక చెప్పదు. ఆ పుండు ఎముకవరకు పోయి ప్రాణమునకే మోసము తేవచ్చును. మంచి మెత్త ఉండవలెను. మాటిమాటికి చేతులమీద లేచుటయో, ముందునకు, ప్రక్కలకు ఒరుగుటయో బిడ్డకు నేర్పవలెను. రాత్రి పడుకొనునప్పుడు తల్లి ఒకసారి చర్మమును చూడవలెను. అరనిమిషపు పని.

ఇప్పుడు మరల కోహీరు నేలకు వత్తము. అక్కడిది గులకరాలతో కూడిన ఎర్రమట్టి. జహీరాబాదు చుట్టుపట్ల నల్లరేగడియు విస్తారముగా ఉన్నది. ఆసుపత్రుల నున్నని నాపరాళ్లమీద దొరలు కుర్చీకి ముందరి చక్రములు చిన్నవి, గట్టివి. ఆ చిన్నచక్రము ఎర్రనేలమీది రాయికి తగులగానే ఆగును, కూర్చున్నవారు ముందుకు తూలుదురు. వానకాలమున రేగడిలో దిగినచో ఇక చెప్పనక్కరలేదు. చిన్నచక్రమును కొంచెము పెద్దదిగాను వెడల్పుగాను చేసి, దానిని ముందుకు జరిపి పొడవైన చట్రమున అమర్చినచో కుర్చీ గతుకులను దాటును. అమెరికా దేశపు రాల్ఫ్ హాచ్‌కిస్ – తానును చక్రాల కుర్చీలో తిరుగువాడే – 1980 ప్రాంతమునుండి నికరాగువా మొదలగు దేశముల పనివారితో కలిసి ఇట్టి పల్లెకుర్చీలను రూపొందించెను. స్థానికముగా దొరకు గొట్టములతో, సైకిలు భాగములతో తయారగునట్లు, మరమ్మతగునట్లు చేయుట ఆయన పట్టుదల. డేవిడ్ వెర్నర్ 1987లో ప్రకటించిన గ్రంథమున మెక్సికో పల్లెలో వికలాంగులే నడుపు పనిశాలలో కొయ్యతో, వెదురుతో, పాత ట్యూబులతో పిల్లలకు ఆసనములు, నడకకమ్ములు చేయు విధములను బొమ్మలతో చూపెను. ఇవి మన వడ్రంగికి చేతగాని పనులు కావు.

సైకిలు అనగా గుర్తువచ్చినది. కోహీరువంటి ఊరిలో చక్రాల కుర్చీకి వైద్యుడు సైకిలు దుకాణము వాడే. గాలి చక్రములుగల కుర్చీ గతుకులలో సుఖముగా ఉండును గాని ముల్లు గ్రుచ్చుకొనును; ఆ పంక్చరు అతడు వేయగలడు. ఊరిలో దొరకని కొలత ట్యూబు ఉన్న కుర్చీ మొదటి పంక్చరుతోనే మూలబడును. కుర్చీ ఇచ్చువారిని అడుగవలసిన మొదటి ప్రశ్న రంగునుగూర్చి కాదు, ఈ ట్యూబు ఎక్కడ దొరకునని. చేతులతో త్రిప్పు మూడుచక్రముల సైకిలు మన రోడ్లమీద చిరకాలముగా తిరుగుచున్నది. భుజబలము గల పెద్దపిల్లలకు ఊరినుండి ఊరికి పోవుటకు అది మేలైనది. కాని అది గుమ్మము లోపలికి రాదు, తరగతిగదిలో తిరుగదు. కుర్చీ చేయు పని సైకిలు చేయదు, సైకిలు చేయు పని కుర్చీ చేయదు.

బడివద్ద మరొక చిక్కు. మెట్లప్రక్కన వాలుదారి కట్టవలెనను నియమము ఉన్నది, చాలచోట్ల కట్టిరి. దాని లెక్క సులభము. ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు. అరుగు అడుగున్నర ఎత్తైనచో వాలుదారి 18 అడుగులు ఉండవలెను. ఆరడుగులలో ముగించిన వాలుదారులను మేము చూచియున్నాము. వానిమీద పిల్లలు జారుడుబండ ఆడుకొందురు. చక్రాల కుర్చీ ఎక్కదు, దిగిన ఆగదు. కట్టినవారికి సున్నము, సిమెంటు కలిసివచ్చియుండవచ్చును.

ఇంకను చెప్పుకొనుటకు మొగమాటపడు విషయమొకటి కలదు. మరుగుదొడ్డి. నడవలేని ఆడపిల్ల బడి మానుటకు పాఠములు కారణము కావు. ఉదయమునుండి నీళ్లు త్రాగక బిగబట్టి కూర్చుండుటయే కారణము. తలుపు వెడల్పుగా ఉండి, లోపల గోడకు రెండు కమ్ములు బిగించి, నడుమ రంధ్రముగల కుర్చీ యొకటి ఉంచిన చాలును. సాధనములన్నింటిలో అతి చౌకయైనది ఇదియే. స్వతంత్రమను మాటకు ఎనిమిదేండ్ల బిడ్డ చెప్పు మొదటి అర్థము గూడ బహుశః ఇదియే కావచ్చును.

ఈ వస్తువులు దొరకు చోట్లు కొన్ని చెప్పవలెను. కేంద్రప్రభుత్వము 1972లో స్థాపించిన కృత్రిమ అవయవ నిర్మాణసంస్థ కాన్పూరులో ఉన్నది. అలింకో అని పిలుతురు. కాలిపర్లు, చంకకర్రలు, కుర్చీలు, మూడుచక్రముల సైకిళ్లు అక్కడ తయారగును. 1981నుండి అడిప్ అను పథకము క్రింద వీనిని తక్కువ ఆదాయము గలవారికి ఉచితముగానో సగముధరకో ఇచ్చుచున్నారు. 40 శాతము వైకల్యము ఉన్నట్లు ధ్రువపత్రము కావలెను. పెద్దలకు ఒకసారి సాధనము ఇచ్చిన మూడేండ్లవరకు మరల ఇయ్యరు; పండ్రెండేండ్ల లోపు పిల్లలకు మాత్రము ఈ గడువు ఒక్క ఏడే. ఎదుగు బిడ్డకు నిరుటి కాలిపరు ఈ యేడు పట్టదు గదా! ఈ వెసులుబాటు సంగతి తెలియక, బిగువైన కాలిపరుతో కాలు ఒరసికొని పుండుపడగా దానిని విప్పి అటకమీద పెట్టువారు కలరు.

తెలంగాణమున పాఠశాల విద్యాశాఖవారు మండలములలో భవిత కేంద్రములను నడుపుచున్నారు. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉందురు, ఫిజియోథెరపీ చేయించుదురు, బడికి రాలేని బిడ్డ ఇంటికే పోయి పాఠము చెప్పు పద్ధతియు ఉన్నది, శిబిరములు పెట్టి సాధనములకు కొలతలు తీయించుదురు. 2013లో ఆరంభమైన బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్వాడీలకు, బడులకు వైద్యబృందములు వచ్చి పిల్లలను పరీక్షించును. సికిందరాబాదు బోయినపల్లిలో 1984లో నెలకొల్పబడిన జాతీయసంస్థ మానసిక వికాసములో వెనుకబడిన పిల్లలకు చిరకాలముగా సేవచేయుచున్నది. ఆ పిల్లలలో కదలికలోపము గలవారును అనేకులు. అనంతపురము జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు కాలిపర్లు, ఆసరాలు చేయు పనిశాలలు నడిపిరి. ఇన్ని ఉన్నను, కోహీరు బిడ్డకును సంగారెడ్డిలోని శిబిరమునకును నడుమ ఒక బస్సు, ఒకనాటి కూలి, ఒక ధ్రువపత్రము అడ్డుగా నిలుచును. ఒకనాటి కూలి అను మాటను పట్టణవాసులు తేలికగా తీసికొనరాదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్రాల కుర్చీల విషయమై ప్రకటించిన మార్గదర్శక గ్రంథమున ఈ సేవను ఎనిమిది మెట్లుగా చెప్పిరి. బిడ్డను గుర్తించి పంపుట, పరీక్షించుట, తగినది నిర్ణయించుట, ధనము సమకూర్చుట, కుర్చీని సిద్ధముచేయుట, కూర్చుండబెట్టి సరిచూచుట, వాడుక నేర్పుట, పిమ్మట మరమ్మతు చూచుట. మా సభలో జరిగినది వీనిలో ఏ మెట్టో మేము లెక్కించి చూచితిమి. ఒక్క మెట్టునకు గూడ సరిగా చెందదు. 2022లో అదే సంస్థయు యూనిసెఫును కలిసి వెలువరించిన నివేదిక ప్రకారము ప్రపంచమున 250 కోట్లమందికి పైగా ఏదో యొక సహాయకసాధనము అవసరమైయున్నది. వారిలో దాదాపు 100 కోట్లమందికి అది అందుట లేదు. కండ్లజోడు మొదలు కుర్చీవరకు అన్నియు ఆ లెక్కలోనివే. చిన్నసంఖ్య కాదు, కాని లెక్కకంటె పంచలోని వడ్లబస్తాయే మాకు ఎక్కువగా జ్ఞప్తికి వచ్చుచున్నది.

చివరగా తల్లిదండ్రుల భయమొకటి. కుర్చీ ఎక్కించినచో బిడ్డ ఇక నడుచుటకు ప్రయత్నింపదేమో యని వారి జంకు. దీనిని తేలికచేయుట మాకు ఇష్టము లేదు. నడచునను ఆశను వదలుకొనుట ఏ తల్లికిని సులభము కాదు. కుర్చీ ఆ ఆశకు ముగింపువలె తోచును. కాని పరిశోధనలలో ఈ భయమునకు ఆధారము దొరకలేదు. 1980 దశకమున అమెరికాలో ఛార్లీన్ బట్లర్ మూడేండ్లయినను దాటీదాటని పిల్లలకు విద్యుత్తుతో నడచు చిన్నకుర్చీలు ఇచ్చి చూచెను. కొలది వారములలోనే వారిలో పెక్కుమంది వానిని నడుపుట నేర్చుకొనిరి. 2012 ప్రాంతమున డెలావేరు విశ్వవిద్యాలయపు కోల్ గాలోవే బజారులో అమ్ము ఆటకారులనే తీసికొని, ఆసనము మార్చి, పెద్ద మీటనొకటి అమర్చి, ఇంకను నడవని పసివారికి ఇచ్చుట ఆరంభించెను. తమంతట తాము తిరుగుట మరగిన బిడ్డలకు కదలికయందు ఆసక్తి పెరుగునే గాని తగ్గదని ఈ రంగమున పనిచేయువారు చెప్పుదురు. వాకరుతో వ్యాయామముగా పది అడుగులు వేయుట ఒక పని. బడికి పోవుట వేరొక పని. పది అడుగులతోనే బిడ్డ బలమంతయు ఖర్చైనచో పాఠము వినుటకు ఏమి మిగులును?

విద్యుత్తు కుర్చీలు మన పల్లెలకు దూరమే. అడిప్ పథకమున మోటారుతో నడచు సైకిలు 16 ఏండ్లు నిండినవారికే ఇత్తురు. చెన్నపట్టణపు ఐ.ఐ.టి.లోని పరిశోధకులు నిలబెట్టు కుర్చీని 2019లోను, శరీరపు కొలతలకు తగినట్లు అమర్చుకొను కుర్చీని, దానికి ముందు తగిలించుకొని రోడ్డుమీద పోదగిన విద్యుత్తు యంత్రమును అటుపిమ్మటను వెలువరించిరి. మన దేశపు రోడ్లను చూచి చేసిన వస్తువులివి. ధర మాత్రము ఇంకను కోహీరు తోటకూలికి అందునంత కాదు.

ఇక మా ఊహలోని బిడ్డ. ఆమెకు కొలత చూచి కుర్చీ అమర్చినారనుకొందము. నడుముకు పట్టీ ఉన్నది, పాదములు పీటమీద ఉన్నవి, ముందరి చక్రములు వెడల్పుగా ఉన్నవి. గుమ్మమువద్ద వడ్రంగి రెండు పలకలు వేసినాడు. మొదటి వారమంతయు తల్లి వెనుకనుండి త్రోయుచునే ఉండును; అలవాటు అట్టిది. రెండవవారమున ఒకనాటి సాయంకాలము ఆమె పొయ్యివద్ద ఉండగా చక్రముల చప్పుడు వినబడును. బయటికి వచ్చి చూచునప్పటికి బిడ్డ వాకిట లేదు. వీధి మలుపున వేపచెట్టు క్రింద పిల్లల గుంపు, వారి నడుమ కుర్చీ. తల్లి కేక వేయును. బిడ్డ తల త్రిప్పి చూచును. ఆట ఇంకను ముగియలేదు, వెంటనే రాదు.